కంప్యూటర్ పాతబడిందా? ముందు పరీక్ష పెట్టి చూడండి!

పిల్లలూ! మీ ఇంట్లోనో, మీ స్నేహితుల ఇంట్లోనో ఐదారేళ్ల కిందట కొన్న కంప్యూటర్ ఉందా? కొన్న కొత్తలో దానిమీద ఏ ఆట ఆడినా కార్లు రివ్వున దూసుకుపోయి ఉంటాయి. ఇప్పుడు కొత్త ఆట ఏదైనా పెడితే అదే కంప్యూటర్ మీద కారు కుంటుతుంది. తెరమీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు మీ నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "నాన్నా, ఇది పాతదైపోయింది. కొత్తది కొనిపెట్టు!" అవునా?

నిజంగా కొత్తది కొనాలా, లేక ఉన్నదాన్నే బాగుచేసుకోవచ్చా? ఈ ప్రశ్నకు జవాబు ఊహించి చెప్పకూడదు. కొలిచి చెప్పాలి. ఎలా కొలవాలో చూద్దాం.

2025 వేసవి సెలవుల్లో జరిగిన సంగతి ఇది. మా బడిలో తొమ్మిదో తరగతి పూర్తిచేసిన అబ్బాయి ఒకడు తండ్రిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన దర్జీ. వాళ్ల పెద్దబ్బాయి 2018లో కంప్యూటర్ కొనుక్కుని, ఉద్యోగానికి పొరుగూరు వెళ్తూ దాన్ని తమ్ముడికి వదిలిపెట్టాడు.

"మాస్టారూ, అది ఇక పనికిరాదంటున్నాడు వీడు. దుకాణంలో అడిగితే కొత్తది డెబ్బై వేలవుతుందన్నారు. కొట్లోకి పవర్ మిషను కొందామని రెండేళ్లుగా కొంత కూడబెట్టాను. నిజంగా అవసరమైతే అదే తీసి ఇస్తాను. మీరే చూసి చెప్పండి" అన్నాడాయన. అబ్బాయి తల వంచుకుని కూర్చున్నాడు.

నాకు వెంటనే నేను చేసిన పొరపాటు గుర్తుకొచ్చింది. కొన్నేళ్ల కిందట మా అబ్బాయి కంప్యూటర్ నెమ్మదించిందని, ఏ పరీక్షా చేయకుండా ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొన్నాను. దాన్ని బిగించి ఆట మొదలుపెట్టగానే కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది. ఆ కార్డుకు కావలసిన విద్యుత్తు మా పాత పవర్ సప్లై ఇవ్వలేకపోయింది మరి! సరే అని కొత్త పవర్ సప్లై కూడా కొన్నాను. ఇంత చేశాక ఆట వేగం పెరిగిందా? దాదాపు ఎక్కడిదక్కడే ఉంది! అసలు లోపం ప్రాసెసర్‌లో ఉంది. సైన్సు మాస్టారినై ఉండి కొలవకుండా డబ్బు ఖర్చు పెట్టాను. ఆ దర్జీగారి డబ్బు అలా పోకూడదనుకున్నాను.

దర్జీ కొట్టులో కంప్యూటర్

ఆట ఆడేటప్పుడు కంప్యూటర్ లోపల ఏం జరుగుతుంది? తండ్రీకొడుకులిద్దరికీ అర్థమయ్యేలా దర్జీ కొట్టునే ఉదాహరణగా తీసుకున్నాను.

కొట్లో కటింగ్ మాస్టరు కొలతలు చూసి, లెక్క వేసి, గుడ్డ కత్తిరిస్తాడు. కంప్యూటర్‌లో ఆ పని ప్రాసెసర్‌ది. కారు ఎటు తిరిగింది, దేన్ని గుద్దుకుంది, పక్క కారు ఎక్కడుంది అన్న లెక్కలన్నీ అదే వేస్తుంది. కత్తిరించిన ముక్కల్ని కుట్టేది మిషన్ల వరస. అదే గ్రాఫిక్స్ కార్డు. అందులో వందల, వేల చిన్న చిన్న లెక్కల విభాగాలు ఒకేసారి పనిచేసి తెరమీది బొమ్మను తయారుచేస్తాయి. గుడ్డలు పరుచుకునే బల్ల మెమరీ. తానులు దాచే బీరువా హార్డ్ డిస్క్.

ఇప్పుడొక లెక్క చేద్దాం. సినిమాలాగే ఆట కూడా వరసగా వచ్చే నిశ్చల చిత్రాల సముదాయం. ఒక్కొక్క చిత్రానికి కావలసిన లెక్కలు వేయడానికి ప్రాసెసర్‌కు 10 మిల్లీసెకన్లు, దాన్ని గీయడానికి గ్రాఫిక్స్ కార్డుకు 20 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఒక చిత్రం గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి చిత్రం లెక్కలు మొదలుపెడుతుంది. కాబట్టి ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక చిత్రం బయటికొస్తుంది. అంటే సెకనుకు 50 చిత్రాలన్నమాట.

ఇందులో ప్రాసెసర్ తీసేసి రెట్టింపు వేగం ఉన్నది పెట్టామనుకోండి. దాని పని 5 మిల్లీసెకన్లలో అయిపోతుంది. మరి చిత్రాలు ఎన్ని వస్తాయి? మళ్లీ 50 మాత్రమే! మిషన్లు నెమ్మదిగా కుడుతుంటే మాస్టరు ఎంత త్వరగా కత్తిరించి లాభమేమిటి? దానికి బదులు గ్రాఫిక్స్ కార్డును రెట్టింపు వేగం ఉన్నదానితో మారిస్తే దాని పని 10 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. చిత్రాలు 100 వస్తాయి. పోనీ నాలుగు రెట్లు వేగం ఉన్న కార్డు పెడితే? 200 వస్తాయనుకుంటున్నారా? రావు. 100 దగ్గరే ఆగిపోతాయి. ఎందుకంటే ఇప్పుడు 10 మిల్లీసెకన్లు తీసుకునే ప్రాసెసర్ వెనకబడుతుంది.

"మా కొట్లో కాజాలు కుట్టే మనిషి రాకపోతే అంతే మాస్టారూ, ఎన్ని మిషన్లున్నా చొక్కాలు బయటికి రావు" అన్నాడు దర్జీగారు. చూశారా, ఆయనకు ఈ సూత్రం ఎప్పుడో తెలుసు! అన్నిటికంటే నెమ్మదిగా పనిచేసే భాగమేదో తెలుసుకోవాలి. దాన్ని వదిలి మరేది మార్చినా డబ్బు దండగే.

నోటు పుస్తకం, పెన్సిలు తీసుకున్నాం

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. సెకనుకు ఎన్ని చిత్రాలు వస్తున్నాయో, ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఎంతో, మెమరీ ఎంత నిండిందో తెరమీద చూపే ఉచిత ప్రోగ్రాములున్నాయి. అబ్బాయి ఆట ఆడుతుంటే, నేను రెండు నిమిషాలకోసారి అంకెలు రాసుకున్నాను.

ఆట మొదలైనప్పుడు సెకనుకు 48 చిత్రాలు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 62 డిగ్రీలు. పది నిమిషాల తర్వాత చిత్రాలు 22, ఉష్ణోగ్రత 98 డిగ్రీలు!

ఇక్కడ ఆగి ఆలోచించండి. ప్రాసెసర్ పాతదై నెమ్మదించి ఉంటే మొదటి నిమిషం నుంచీ నెమ్మదిగానే ఉండాలి కదా? పది నిమిషాలు బాగానే ఉండి, తర్వాత ఎందుకు పడిపోయింది? కారణం వేడి. చాలా ప్రాసెసర్లు 95–100 డిగ్రీల దగ్గరికి చేరగానే కాలిపోకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి.

పెట్టె మూత తెరిస్తే సంగతి బయటపడింది. ప్రాసెసర్ మీది లోహపు రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయింది. దర్జీ ఇల్లు కాబట్టి అందులో నూలు పోగులూ కలిశాయి. ఉష్ణ ప్రసారం పాఠం గుర్తుందా? గాలి అధమ ఉష్ణవాహకం. దుమ్ము తన సందుల్లో గాలిని పట్టి ఉంచి, చల్లగాలిని లోపలికి రానివ్వదు. ప్రాసెసర్‌కూ దాని మీది లోహపు దిమ్మెకూ మధ్య కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లు ఉంటాయి. వాటిలో గాలి చేరకుండా ఒక ముద్దలాంటి పదార్థం పూస్తారు. దాన్ని థర్మల్ పేస్ట్ అంటారు. ఏళ్లు గడిచేసరికి అది ఎండి పెళుసెక్కింది.

దుమ్ము దులిపి, కొత్త పేస్ట్ పూశాం. మళ్లీ ఆట పెట్టాం. అరగంట ఆడినా ఉష్ణోగ్రత 75 డిగ్రీలు దాటలేదు. చిత్రాలు 48 దగ్గర నిలకడగా ఉన్నాయి. అప్పటికి అయిన ఖర్చు మూడు వందల రూపాయలు!

రెండో జబ్బు, మూడో జబ్బు

అయినా కారు కొత్త వీధిలోకి తిరిగిన ప్రతిసారీ ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. అంకెలు చూశాం. 8 జీబీ మెమరీ పూర్తిగా నిండిపోయింది. హార్డ్ డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతోంది. బల్లమీద చోటు చాలక గుడ్డలు మాటిమాటికీ బీరువాలో పెట్టి తీస్తున్నట్టన్నమాట.

బీరువా అంత నెమ్మది ఎందుకు? హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 చుట్లు. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. అది 4 మిల్లీసెకన్ల పైమాటే. ముల్లు పక్కకు జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్‌లో తిరిగే భాగాలే లేవు. అక్కడ సమాచారం దొరకడానికి మిల్లీసెకనులో పదో వంతు కూడా సాధారణంగా పట్టదు.

ముందు మరో 8 జీబీ మెమరీ చేర్చి పరీక్షించాం. బిగుసుకుపోవడం చాలావరకు తగ్గింది. ఆ తర్వాత ఎస్ఎస్‌డీ పెట్టాం. ఆట తెరుచుకోవడానికి ఇదివరకు రెండు నిమిషాల పైన పట్టేది, ఇప్పుడు అరనిమిషం చాలింది. రెండూ ఒకేసారి ఎందుకు మార్చలేదు? ప్రయోగంలో ఒకసారి ఒక్క అంశాన్నే మార్చాలని మీరు చదువుకున్నారు. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు.

అయితే సెకనుకు వచ్చే చిత్రాలు మాత్రం 48 నుంచి 50కే పెరిగాయి. ఇక మిగిలింది ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా? దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటే మొత్తం 20,73,600 చుక్కలు. ఆట సెట్టింగుల్లో దాన్ని 1280, 720కి తగ్గిస్తే 9,21,600 చుక్కలే గీయాలి. గ్రాఫిక్స్ కార్డు పని సగానికి పైగా తగ్గుతుంది. ప్రాసెసర్ వేసే లెక్కలు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. ఇలా తగ్గించినప్పుడు చిత్రాలు బాగా పెరిగితే వెనకబడింది గ్రాఫిక్స్ కార్డు. పెరగకపోతే వెనకబడింది ప్రాసెసర్.

మా పరీక్షలో 50 కాస్తా 79 అయింది. కాబట్టి గ్రాఫిక్స్ కార్డే. "అయితే కొత్త కార్డు కొందామా సార్?" అన్నాడు అబ్బాయి. "నీ మానిటర్ సెకనుకు ఎన్ని చిత్రాలు చూపగలదో చూడు" అన్నాను. 60 మాత్రమే! కార్డు 120 గీసినా ఆ తెర చూపేది 60. తెర చుక్కలను మళ్లీ 1920, 1080కి పెట్టి, ఆటలో నీడల నాణ్యత మాత్రం ఒక మెట్టు తగ్గించాం. 60 వచ్చాయి. అబ్బాయి ముఖం వెలిగిపోయింది.

ఏడాదికి ఎంత?

మొత్తం ఖర్చు సుమారు ఆరు వేలు. ఇలా ఇంకో రెండేళ్లు నడిచినా ఏడాదికి 3,000 పడుతుంది. డెబ్బై వేల కొత్త కంప్యూటర్ ఏడేళ్లు పనిచేస్తే ఏడాదికి 10,000. కాబట్టి బాగుచేసుకోవడమే లాభం. కానీ పాతదానికి 35,000 పెట్టి రెండేళ్లే వాడుకోగలిగితే? ఏడాదికి 17,500 అవుతుంది. అప్పుడు కొత్తదే నయం. అయితే ధరలు మారుతుంటాయి. 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. అందుకే కొనే రోజు ధరతోనే లెక్క వేయండి.

కొత్తది కొనక తప్పని సందర్భాలూ ఉన్నాయి. వెనకబడింది ప్రాసెసర్ అయితే, మీ మదర్‌బోర్డు కొత్త ప్రాసెసర్‌ను అంగీకరిస్తుందా అన్నది మొదటి ప్రశ్న. 2017 నాటి ఏఎండీ ఏఎం4 బోర్డులు చాలావాటిలో, బోర్డులోని బయాస్ ప్రోగ్రామును కొత్తది చేసుకుంటే, 2022లో వచ్చిన ప్రాసెసర్ కూడా పనిచేస్తుంది. అదే 2017లో ఇంటెల్ తెచ్చిన ఎనిమిదో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు మాత్రం, సాకెట్ ఆకారం పాతదానిలాగే ఉన్నా, కొత్త బోర్డు కావలసి వచ్చింది. బోర్డు మారిస్తే ఒక్కోసారి మెమరీ కూడా మార్చాలి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 రకాలు ఒకదాని గాడిలో ఒకటి పట్టవు. అన్నీ మార్చవలసి వస్తే అది కొత్త కంప్యూటర్ కొన్నట్టే కదా!

రెండోది భద్రత. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను అంగీకరించని పాత యంత్రాలు చాలా ఉన్నాయి. వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ పెట్టి చదువుకు వాడుకోవచ్చు. ఆటలు కొన్ని దానిమీద నడుస్తాయి, కొన్ని నడవవు.

పాతదాన్ని చెత్తకుప్పలో మాత్రం వేయకండి. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి, తిరిగి వాడుకోవడానికి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతం మాత్రమే. పనిచేసే యంత్రమైతే అవసరమున్న మరొకరికి ఇవ్వండి. పనిచేయనిదైతే గుర్తింపు ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి చేర్చండి.

ఆ దసరాకు దర్జీగారు పవర్ మిషను కొన్నారు. అబ్బాయి కంప్యూటర్ ఇప్పటికీ నడుస్తోంది. గ్రాఫిక్స్ కార్డు సంగతి పదో తరగతి పరీక్షలయ్యాక చూస్తానని వాడే చెప్పాడు.

మీరూ చేసి చూడండి

నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి: సమయం, సెకనుకు చిత్రాలు, ఉష్ణోగ్రత, మెమరీ వాడకం. ఇరవై నిమిషాలు ఆడుతూ రెండు నిమిషాలకోసారి నింపండి. తర్వాత తెర చుక్కలు తగ్గించి మళ్లీ నింపండి. రెండు పట్టికలూ పోల్చి, వెనకబడిన భాగమేదో మీరే తేల్చండి.

జాగ్రత్తలు: పెట్టె తెరిచేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ముందుగా ప్లగ్గు పూర్తిగా తీసేయండి. మీ ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి పెట్టె లోహపు భాగాన్ని తాకండి. దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుదావేశం నిలిచి ఉంటుంది.