ఈ డేటా ఎక్కడిది?

ఎండాకాలం రాత్రి పరిగిలో కరెంటు పోయినప్పుడు డాబా ఎక్కి చూశారా? హైదరాబాద్ హాస్టల్ కిటికీలోంచి కనిపించని చుక్కలెన్నో ఇక్కడ కనిపిస్తాయి. అందులో తెల్లగా మెరిసే చిత్త నక్షత్రం ఒకటి. పంచాంగంలో ఆ పేరు మీరు వినే ఉంటారు. ఆ చుక్కకూ మీ రెజ్యూమెకూ ఒక సంబంధం ఉంది.

ముందు నా సంగతి చెప్తాను. ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్‌లో ప్రాజెక్ట్ కొనుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. మొదటి ఇంటర్వ్యూలో ఒకటే అడిగారు: ‘ఈ డేటా ఎక్కడిది? ఎవరు కొలిచారు?’ నోరు పెగల్లేదు, ఉద్యోగమూ రాలేదు. తర్వాత ఖగోళ శాస్త్ర చరిత్ర చదువుతుంటే అర్థమైంది. ఆ శాస్త్రం వేల ఏళ్లుగా అదే ప్రశ్న అడుగుతోంది.

చిత్త కదిలింది

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో గ్రీకు పండితుడు హిప్పార్కస్ ఆకాశంలో చిత్త స్థానాన్ని కొలిచాడు. తనకు సుమారు 150 ఏళ్ల ముందు అలెగ్జాండ్రియాలో టిమోకారిస్ రాసిపెట్టిన లెక్కతో పోలిస్తే రెండు డిగ్రీల తేడా వచ్చింది. పాతాయన తప్పు కొలిచాడులే అని హిప్పార్కస్ కొట్టిపారేయలేదు. భూమి అక్షం బొంగరంలా మెల్లగా ఊగడం వల్ల వచ్చే తేడా అది. మనవాళ్లు అయన చలనం అంటారు. ఒక డిగ్రీ జరగడానికి దాదాపు 72 ఏళ్లు పడుతుంది. అంటే ఒక్క మనిషి తన జీవితకాలంలో దీన్ని పట్టుకోవడం చాలా కష్టం. ఎవరో ఒకరు ముందే నిజాయితీగా రాసి పెట్టి ఉండాలి.

క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ ఈ వేగాన్ని వందేళ్లకు ఒక డిగ్రీ అన్నాడు. అంత పెద్దాయన చెప్పాడు కదా అని అందరూ ఊరుకోలేదు. 964లో అల్-సూఫీ, టాలెమీ పట్టికలోని నక్షత్రాల వెలుగును తన కళ్లతో మళ్లీ పరిశీలించి సరిదిద్దాడు. వేగాన్ని కూడా 66 ఏళ్లకు ఒక డిగ్రీగా తీసుకున్నాడు. అసలు లెక్కకు ఇంకాస్త దగ్గరైనట్టే.

1437 నాటి సమర్‌ఖండ్ పట్టికలో 1,018 నక్షత్రాలున్నాయి. దాన్ని చేయించిన ఉలుగ్ బేగ్ స్వయంగా పాలకుడు. అయినా 27 నక్షత్రాలు తమ ఊరి నుంచి కనిపించవని, వాటిని అల్-సూఫీ నుంచి తీసుకున్నామని రాశారు. ఏది తాము కొలిచింది, ఏది తెచ్చుకున్నది అనేది దాచలేదు.

మన దగ్గర

ఇదంతా ఎక్కడో దూరదేశాల కథ అనుకోకండి. పరిగి నుంచి కొడంగల్ మీదుగా కృష్ణా తీరం వైపు వెళ్తే నారాయణపేట జిల్లాలో ముడుమాల్ ఉంది. అక్కడి నిలువురాళ్ల వరుసలకు సూర్యుడి ఉదయాస్తమయ దిశలతో సంబంధం ఉందని, ఒక రాతి మీది గుంతలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయని పరిశోధకులు చెబుతున్నారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ముడుమాల్‌కు చోటు దక్కింది.

ఆర్యభటుడు 499 నాటికి తన వయసు 23 ఏళ్లని రాసుకున్నాడు. మీలో చాలామంది వయసే. ఇక 12వ శతాబ్దంలో మల్లికార్జున సూరి సూర్య సిద్ధాంతానికి తెలుగులో వ్యాఖ్య రాశాడు. తెలుగు మీడియంలో చదివామని వెనకడుగు వేసేవాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

బేగంపేట గాజు పలకలు

1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నిజామియా వేధశాలకు పునాది వేశారు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. తర్వాత బేగంపేటకు మారింది. అప్పట్లో ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ఫొటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారుచేసే పనిని పలు దేశాల వేధశాలలు చేపట్టాయి. హైదరాబాద్‌కూ వాటా వచ్చింది. గాజు పలకల మీద చుక్క చుక్కనూ కొలిచి, 7.6 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను 12 సంపుటాల్లో అచ్చువేశారు.

ఈ రోజుల్లో అయితే డేటా ఎంట్రీ అని తీసిపారేసే పని. కానీ 2000లో టైకో-2 అనే పట్టిక వచ్చింది. హిప్పార్కస్‌ను తలపించే పేరున్న హిప్పార్కోస్ ఉపగ్రహం కొలతలను భూమి మీది పాత పట్టికలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాల కదలికలను అందులో లెక్కగట్టారు. హైదరాబాద్ భాగమైన ఆ పాత ఫొటో పట్టిక వాటిలో ముఖ్యమైనది. బేగంపేటలో కూర్చుని వాళ్లు కొలిచిననాటికి కృత్రిమ ఉపగ్రహాలే లేవు. వాళ్ల అంకెలు మాత్రం పనికొచ్చాయి.

ఇక మీ వంతు

యూరప్ అంతరిక్ష సంస్థ గయా ఉపగ్రహం 2022లో విడుదల చేసిన డేటాలో దాదాపు 180 కోట్ల నక్షత్రాలున్నాయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కృత్తికల వైపున్న నక్షత్రాల డేటా దించుకోండి. అందులో ఏవి ఒకే గుంపుగా కదులుతున్నాయో, ఏవి దారిన పోయేవో పైథాన్‌తో వేరుచేయండి. దించుకోవడానికి ఎస్‌క్యూఎల్ లాంటి భాష వాడాలి కాబట్టి అదీ కొంత వచ్చేస్తుంది. ఒక మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఒక నోట్‌బుక్ మాత్రం పెట్టుకోండి. డేటా ఏ రోజు తీసుకున్నారు, ఏవి వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఎక్కడ తప్పు చేశారు, అన్నీ రాయండి. వేరేవాళ్ల కోడ్ వాడితే వాళ్ల పేరు రాయండి. దాంతో పరువేం పోదు. ఉలుగ్ బేగ్‌కే పోలేదు.

నన్ను అడిగిన ప్రశ్న మిమ్మల్నీ అడుగుతారు. అప్పుడు మీ దగ్గర ఆ నోట్‌బుక్ ఉండాలి.