టెండరు చవక, ప్రాణం ఉచితం

ప్రభుత్వ ఖర్చు సమర్థంగా ఉండాలని అందరూ అంటారు. సమర్థత అంటే పెట్టిన రూపాయికి ఎంత సేవ దొరికిందన్న లెక్క. ఈ నిర్వచనంతో మనకు పేచీ లేదు. రూపాయితో పాటు ఇంకేం ఖర్చయిందో ఎవరు రాస్తున్నారన్నదే ప్రశ్న.

మాదాపూర్‌నే తీసుకుందాం. హైటెక్ సిటీకి గుర్తుగా నిలిచిన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. దానికి దగ్గర్లోనే, అయ్యప్ప సొసైటీలో, 2016 ఆగస్టులో మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక నలుగురు చనిపోయారు. పనికి దిగిన కాంట్రాక్టు కూలీలు, వాళ్ళను కాపాడబోయినవాళ్ళు. చేతులతో పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ మొదటి చట్టం 1993లోనే వచ్చింది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపరాదని 2013 చట్టం చెప్పింది.

మరి ఎందుకు దింపారు? మురుగుకాలువ పని టెండరుకు పోతుంది. తక్కువ రేటు వేసినవాడికే పని. మాస్కు, గాలి సిలిండరు, గ్యాసును కనిపెట్టే పరికరం గుత్తేదారుకు ఖర్చు, కొనకపోతే మిగులు. మనిషి మాత్రం రోజుకూలికి దొరుకుతాడు. ఎందుకు దొరుకుతాడు? ఆ పని ఎవరిదో కులం ముందే రాసిపెట్టింది గనుక. ఆఫీసు కాగితాల్లో పని చవగ్గా, తొందరగా అయిపోయింది. మిగతా ఖర్చు వాడలో ఒక ఇంటిమీద పడింది. అది ఏ పద్దులోకీ రాదు.

మురుగులో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఇది దయ కాదు, బాకీ. అయితే చావు తర్వాత చెల్లించే బాకీ.

వేరే దారి లేదా? ఉంది. పెద్ద యంత్రాలు గల్లీల్లోకి పోలేవన్న మాట చాలాకాలం నడిచింది. 2017లో హైదరాబాద్ జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ సహకారంతో, ఇరుకు సందుల్లోకి పోగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చింది. 2019లో ఢిల్లీ 200 యంత్రాలతో అదే బాట పట్టింది. అయినా 2021 ఆగస్టులో ఇదే నగరంలో, సాహెబ్‌నగర్‌లో, మరో ఇద్దరు కూలీలు మ్యాన్‌హోల్‌కు బలయ్యారు. యంత్రం కొంటే సరిపోదు, టెండరు షరతే మారాలి.

కాబట్టి సమాచార హక్కు చట్టం కింద మన వార్డు మురుగు టెండరు అడుగుదాం. అందులో రక్షణ పరికరాలకు విడిగా డబ్బు ఉందా? యంత్రం తప్పనిసరి చేశారా? మనిషిని దింపితే గుత్తేదారు బిల్లు ఆగుతుందా? ఈ మూడింటికీ జవాబు లేని టెండరు ఎంత చవకైనా సమర్థమైనది కాదు.