మూసలో వేసే ముందు

పెట్టుకోని నగ బీరువాలో ఉన్నంతకాలం ఎవరి జోలికీ రాదు. ధర పెరిగితేనే గుర్తుకొస్తుంది. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటినప్పటి నుంచి ఇంటింటా ఇదే తర్జనభర్జన: అత్తగారి నాటి హారాన్ని అమ్మేయాలా, చెరిపించి కొత్తది చేయించాలా, తెగిన కొక్కెం అతికించి అట్టే పెట్టాలా? పెందుర్తిలో బస్సెక్కి విశాఖ పాతనగరంలోని కురుపాం మార్కెట్‌లో దిగేవాళ్లు దారిలో తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. బంగారానికి వయసు లేదు. తుప్పు పట్టదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలవదు, సముద్రపు ఉప్పుగాలికీ లొంగదు. 22 క్యారెట్ల నగలో 91.6 శాతం బంగారం, మిగతాది రాగి, వెండి. మసకబారితే ఆ మిగతా భాగమే మసకబారుతుంది. కాబట్టి నగ పాతబడిందంటే లోహం పాతబడిందని కాదు. అతుకులు, మరలు, ముత్యాలు గుచ్చిన దారం, బోలు భాగాల్లో నింపిన లక్క పాతబడ్డాయి. వీటిలో చాలావాటికి బాగుచేతే చాలు. మూసలో వేస్తే పోయేది పనితనం, దానికి ఒకప్పుడు పోసిన డబ్బు.

ఆ డబ్బెంతో లెక్క వేద్దాం. కొత్త నగకి మజూరీ, తరుగు కలిపి 12 శాతం, ఆ మొత్తం మీద జీఎస్టీ 3 శాతం అనుకుందాం. వంద గ్రాముల పాత బంగారం ఇచ్చి, పైన రూపాయి కట్టకుండా అదే నాణ్యత కొత్త నగ తెచ్చుకుంటే చేతికొచ్చేది సుమారు 87 గ్రాములు. దాన్ని కోడలు మళ్లీ మారిస్తే 75. మనవరాలు మారిస్తే 65. దొంగ రాలేదు, ఎవరూ మోసం చేయలేదు, మూడో వంతు బంగారం మాత్రం మాయమైంది. తరుగు అనే మాట పుట్టినప్పుడు దానికి అర్థముండేది: ఆకురాయి కింద రాలే రజను, కుంపట్లో పోయే పొడి. ఆ రజను కూడా పూర్తిగా వృథా కాదు. కంసాలి కొట్టు ఊడ్చిన దుమ్మును డబ్బిచ్చి కొని, అందులోంచి బంగారం తీసి బతికేవాళ్లున్నారు. యంత్రాల మీద పోతపోసే ఈ రోజుల్లో తరుగు శాతం లోహం లెక్క కంటే బేరం లెక్కే ఎక్కువ.

‘మార్పిడికైతే మా కొట్లో కోత లేదు, డబ్బుకైతేనే కోత’ అంటారు కదా అనొచ్చు. నిజమే, కానీ అక్కడ మిగిలింది కొత్త నగ మజూరీలో కలిసిపోతుంది. పాతదాని ధర, కొత్తదాని ధర వేర్వేరు చీటీల మీద రాయించుకుంటే ఈ సంగతి బయటపడుతుంది. ఇక ఎవరూ పెట్టుకోరని, డబ్బు అవసరమని తేలితే అమ్మడమే మేలు. నగ మీద నగ కొనడంలో ప్రతిసారీ మజూరీ నష్టం ఉంటుంది, అమ్మకంలో అది ఒక్కసారితో ఆగుతుంది. పన్ను మాట మాత్రం మరవొద్దు: 2024 జులై 23 నుంచి చేసే అమ్మకాల్లో, రెండేళ్లకు మించి చేతిలో ఉన్న నగ మీద వచ్చిన లాభానికి 12.5 శాతం పన్ను. వారసత్వంగా వచ్చిన నగకైతే పెద్దవాళ్లు కొన్న నాటి నుంచే లెక్క.

అమ్మినా చేయించినా, ముందు తెలియవలసింది అందులో బంగారం ఎంత అన్నది. పూర్తిగా లోహంతో చేసిన గట్టి నగైతే ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటా మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేయండి. నగని దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. కాటా చూపే గ్రాములే ఆ నగ ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మూడు కాసుల, అంటే 24 గ్రాముల గొలుసు 22 క్యారెట్లదైతే 1.35 దగ్గర, 18 క్యారెట్లదైతే 1.55 దగ్గర ఆగుతుంది. ఆర్కిమెడిస్ సూత్రమే ఇది. రాళ్లూ లక్కా ఉన్న నగకి పనికిరాదు, టంగ్‌స్టన్ సాంద్రత ఇంచుమించు బంగారంతో సమానం కనుక దాన్నీ పట్టలేదు. కొట్లో పెట్టే ఎక్స్‌రే యంత్రమూ అంతా చెప్పదు, పైపొరలో కొన్ని మైక్రాన్ల లోతు వరకే చూస్తుంది. అసలు తీర్పు కరిగించి చేసే పరీక్షది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నగల మీద హెచ్‌యూఐడీ అనే ఆరక్షరాల గుర్తింపు సంకేతం ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే దాని పుట్టుపూర్వోత్తరాలు కనబడతాయి. అది లేని పాతవాటిని హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్షించుకోవచ్చు.

బాగుచేత అన్నిటికీ మందని కూడా చెప్పలేం. కేడీఎం అని గర్వంగా అమ్మిన నగల్లో అతుకుకి కాడ్మియం కలిపేవారు. విశాఖలో 2012లో మూతపడిన హిందుస్థాన్ జింక్ కర్మాగారం లాంటి చోట్ల, జింక్ తీసేటప్పుడు ఉపఉత్పత్తిగా దొరికే లోహమది. 321 డిగ్రీలకే కరుగుతుంది కనుక అతుకులో బంగారం తగ్గించకుండానే పని జరిగేది. కానీ 767 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది, కంసాలి ఊదే మంట అంతకన్నా వేడి. ఆ పొగ ఊపిరితిత్తులకు విషం. అలాంటి నగ అతుకు విడితే వీధి చివర కొట్టుకి ఇవ్వకండి. పొగ లాగే ఏర్పాటున్న శుద్ధి కేంద్రానికి పంపి కరిగించడమే న్యాయం. మిగతా వాటిలో కొన్నింటిని మూస అవసరమే లేకుండా మార్చవచ్చు. కాసుల పేరునే చూడండి: ప్రతి కాసూ విడి వస్తువు, లంకెలు విప్పితే ఒక పేరు ఇద్దరు ఆడపిల్లలకి రెండు గొలుసులవుతుంది, కాసు మీది లక్ష్మి చెదరదు. చేసిన పనికే కూలి.

కరిగించక తప్పకపోతే రాళ్లు, పూసలు ముందుగా తీయించి నికర బరువు రాయించుకోండి. మీ కళ్లముందే కరిగించమని అడగండి. కరిగాక ముద్ద తూకం, దాని నాణ్యత, ఆనాటి ధర, ఈ మూడూ ఒకే చీటీ మీద ఉండాలి.