ఒడలు చెప్పు సాక్ష్యము: వాతావరణమును గూర్చిన కొన్ని అపోహలు

వీధియరుగుపై కూర్చుండి విసనకఱ్ఱతో విసరుకొనుచు, "ఈ యేటి యెండలు మున్నెన్నడును ఎఱుగము" అనని పెద్దలు మన యూళ్ళలో అరుదు. ఈ మాట ప్రతి వేసవియందును వినబడుచునే యుండుటచేత, ఒడలు చెప్పు సాక్ష్యమును కొంత శంకింపక తప్పదు. ఒకనాటి యెండయో వానయో వేఱు, ఒక సీమకు బహువత్సరముల పరిశీలనచే నిర్ణయింపబడిన శీతోష్ణస్థితి వేఱు. మనము రెంటిని "వాతావరణ"మనియే పిలుచుచు, భూమిని ఆవరించిన వాయుమండలమునకు సైతము ఆ పేరే పెట్టుకొనుట ఈ తికమకకు కొంత కారణమై యుండును. శాస్త్రజ్ఞులు శీతోష్ణస్థితికి సాధారణముగా 30 సంవత్సరముల సగటును ప్రమాణముగా గైకొందురు గనుక, ఒక్క చల్లని వేసవి భూతాపమును బూటకముగా నిరూపింపజాలదు, ఒక్క మండువేసవి దానిని స్థాపింపనుజాలదు.

కుంపటికి చేరువైనకొలది వేడి హెచ్చుట ఎల్లరెఱిగినదే. ఆ యనుభవమును బట్టియే, వేసవిలో భూమి సూర్యునికి దగ్గరగా జరుగునని చదువుకొన్నవారు సైతము తలంతురు. యథార్థమిందుకు విరుద్ధము. మన ముంగిళ్ళలో ధనుర్మాసపు ముగ్గులు తీర్చు జనవరి మొదటి వారముననే భూమి సూర్యునికి మిక్కిలి చేరువగా, సుమారు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్ల దూరమున నుండును. జూలై మొదటి వారమున ఆ దూరము సుమారు 15 కోట్ల 20 లక్షలకు పెరుగును. ఋతుభేదమునకు మూలము భూమి అక్షము దాదాపు 23½ డిగ్రీలు వాలి యుండుట. ఆ వాలుచేతనే వేసవిలో సూర్యుడు నడినెత్తికెక్కును, పగలు దీర్ఘమగును. సామీప్యమే హేతువైనచో, మనకు ఎండలు ముదురు వేళ ఆస్ట్రేలియావారికి చలి ఏల ఆరంభము కావలయును?

"రేడియోలో 44 డిగ్రీలనిరి, మా వాకిటి ఉష్ణమాపకము 50 దాటినది, నిజము దాచుచున్నారు" అను నింద మఱియొకటి. ఎండలో వ్రేలాడదీసిన ఉష్ణమాపకము గాలి వేడిని గాక, ఎండకు కాగిన తన వేడినే చూపును. పరిశీలనాలయమున అది తెల్లరంగు పూసిన పెట్టెలో, నేలకు నాలుగడుగుల యెత్తున, నీడలో నుండును. పెట్టె గోడలకు బదులు వాలుగా అమర్చిన చెక్కపట్టీల సందులగుండ గాలి ఆడుచుండును. దీనిని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ దీపస్తంభములు కట్టిన ఇంజనీరు. "ట్రెజర్ ఐలాండ్" నవలాకారుని తండ్రి.

ఉక్కపోసిన నాడు గాలి బరువెక్కినదందురు. నీటియావిరి పొడిగాలికంటె తేలిక. కావున సమానమైన వేడిమి, పీడనములయందు తేమగాలియే తేలిక. చెమట ఆఱక బరువెక్కునది మన ప్రాణమే.

వీనివలన కలుగు నష్టము స్వల్పము. ప్రాణముమీదికి తెచ్చు అపోహ వేఱొకటి కలదు: హోరుగాలి చప్పున ఆగి, మబ్బు విచ్చి, ఒక్కొక్కప్పుడు చుక్కలు సైతము కానవచ్చినంతనే తుపాను వెడలిపోయినదని నమ్ముట. తీవ్రమైన తుపాను నడుమ "కన్ను" అను ప్రశాంతమండలముండును. అది దాటగానే గాలి ఎదురుదిక్కునుండి అంతటి యుద్ధృతితోడను విరుచుకొనిపడును. గాలి యొక్కటియే హంతకి యనుటయు పొరపాటే. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టనబెట్టుకొన్నది ప్రధానముగా ఉప్పెన. తీరవాసులారా, నడుమ గాలి నిలిచినదని ఆశ్రయము వీడి వెలికి రాకుడు. రెండవ గాలియు వీచి అణగి, అధికారులు చెప్పువఱకు అచ్చటనే యుండుడు.