తప్పు పాత టీవీది కాదు

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ పరికరాన్ని ఇంట్లోని డబ్బా టీవీకి కలిపినప్పుడు తెర నల్లగా ఉండిపోతే, ఎక్కువమంది నోట వచ్చే మాట ఒకటే: టీవీ పాతబడిపోయింది, మార్చేయాలి. చాలాసార్లు ఈ తీర్పు తప్పు. పిక్చర్ ట్యూబ్ టీవీ కొన్న రోజున ఏ సిగ్నల్ అందుకోగలిగిందో ఈ రోజూ దాన్నే అందుకుంటుంది. బొమ్మను బయటికి పంపాలా వద్దా, పంపితే ఏ రూపంలో పంపాలి అన్నది నిర్ణయించింది పరికరాన్ని తయారుచేసిన కంపెనీ. అందుకే టీవీని అనుమానించే ముందు చేతిలో ఉన్న వస్తువు ఏ మోడల్ అన్నది చూసుకోవాలి. ఒక్కోసారి జవాబు అక్కడే దొరికిపోతుంది.

దీనికి సోనీ పీఎస్‌పీ చరిత్రే మంచి సాక్ష్యం. 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన మొదటి మోడల్, అంటే 1000 సిరీస్‌కి టీవీకి బొమ్మ పంపే దారే లేదు. 2007లో వచ్చిన 2000 సిరీస్‌కి ఆ దారి వచ్చింది గానీ సగమే. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న మామూలు ఏవీ కేబుల్‌తో కలిపితే మెనూ కనిపిస్తుంది, సినిమా ఆడుతుంది, ఫొటోలు వస్తాయి. గేమ్ మాత్రం టీవీలోకి రాదు. గేమ్ కావాలంటే కాంపోనెంట్ కేబుల్ ఉండాలి, ప్రోగ్రెసివ్ సిగ్నల్‌ను తీసుకునే టీవీ కూడా ఉండాలి. 2008లో 3000 సిరీస్ వచ్చాక ఈ అడ్డంకి తొలగింది. అదే మామూలు ఏవీ కేబుల్‌తో అదే డబ్బా టీవీలో గేమ్ కూడా ఆడుకోవచ్చు. ఏడాది తేడాతో వచ్చిన ఈ రెండు పరికరాల విషయంలో టీవీ మారలేదు, మారింది పీఎస్‌పీ పంపే సిగ్నల్.

ఆ సిగ్నల్‌లో తేడా ఏమిటో తెలిస్తే మిగతా చిక్కులు కూడా విడిపోతాయి. పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ పుంజం తెర మీద అడ్డంగా గీతలు గీస్తూ పై నుంచి కిందికి దిగుతుంది. మన దేశం వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 50 సార్లు దిగుతుంది. అమెరికా, జపాన్‌లు వాడిన ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 60 సార్లు. దిగిన ప్రతిసారీ అన్ని గీతలూ గీయదు. ఒకసారి బేసి గీతలు, తర్వాతిసారి సరి గీతలు గీస్తుంది. మన కన్ను ఆ రెంటినీ కలిపి ఒకే బొమ్మగా చూస్తుంది. పాల్ టీవీ ఈ లెక్కన సెకనుకు 15,625 గీతలు గీస్తుంది, ఎన్‌టీఎస్‌సీ లెక్కా ఇంచుమించు అంతే. ప్రోగ్రెసివ్ పద్ధతి అలా కాదు: ప్రతిసారీ అన్ని గీతలూ పంపుతుంది, కాబట్టి వేగం రెట్టింపు కావాలి, సెకనుకు సుమారు 31,500 గీతలు. మామూలు ఇళ్లలోని టీవీ సర్క్యూట్లను ఆ వేగానికి తయారుచేయలేదు. 2000 సిరీస్ గేమ్‌ను పంపింది ఈ రెండో పద్ధతిలో మాత్రమే. 3000 సిరీస్ మొదటి పద్ధతిని కూడా నేర్చుకుంది.

అలా వచ్చిన గేమ్ బొమ్మ తెర నిండా పరుచుకోదు, అది ముందే తెలుసుకోవడం మంచిది. పీఎస్‌పీ సొంత తెర 480 చుక్కల వెడల్పు, 272 చుక్కల ఎత్తు. టీవీకి పంపే చట్రం 720, 480. గేమ్ బొమ్మను సాగదీయకుండా ఆ చట్రం నడుమ ఉంచుతుంది కాబట్టి చుట్టూ నల్లటి అంచు మిగులుతుంది. లెక్క వేస్తే చట్రంలో 38 శాతం కన్నా తక్కువే బొమ్మకు దక్కుతుంది. టీవీకి జూమ్ బటన్ ఉంటే కొంత నయం. ఇంకో సంగతి: కాంపోనెంట్ కేబుల్‌కి అయిదు పిన్నులుంటాయి, అందులో ఎరుపువి రెండు. ఒకటి బొమ్మది, మరొకటి శబ్దానిది. రంగులు వింతగా, నీలం పచ్చలే కనిపిస్తుంటే ముందు ఆ రెండు ఎరుపు పిన్నులు తారుమారయ్యాయేమో చూడాలి.

నింటెండో స్విచ్‌తో సమస్య వేరు. 2017 మార్చిలో వచ్చిన ఈ పరికరాన్ని డాక్ అనే స్టాండ్‌లో పెడితే హెచ్‌డీఎంఐ ద్వారా బొమ్మ పంపుతుంది. ఆ సిగ్నల్ డిజిటల్, డబ్బా టీవీ తీసుకునేది అనలాగ్. ఒక చివర హెచ్‌డీఎంఐ, మరో చివర మూడు పిన్నులు ఉన్న ఉత్త వైరు ఈ పని చేయలేదు, ఎందుకంటే అందులో సిగ్నల్‌ని మార్చే చిప్ ఏదీ లేదు. బజార్లో అలాంటి వైర్లు అమ్ముతూనే ఉన్నారు, కొని మోసపోవద్దు. కావలసింది కరెంటుతో పనిచేసే చిన్న కన్వర్టర్ పెట్టె. దాన్ని కొనేటప్పుడు దిశ చూసుకోవాలి: హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది ఒకటి, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరొకటి, చూడ్డానికి రెండూ కవలల్లా ఉంటాయి. పెట్టె మీద పాల్, ఎన్‌టీఎస్‌సీ మీట ఉంటుంది. బొమ్మ దొర్లుతున్నా, రంగు లేకుండా వస్తున్నా ముందు దాన్ని మార్చి చూడాలి. డాక్‌కి స్విచ్‌తో వచ్చిన 15 వోల్టుల అడాప్టర్‌నే వాడాలి, మామూలు ఫోన్ ఛార్జర్‌తో టీవీకి బొమ్మ వెళ్లదు. ఇక 2019లో వచ్చిన స్విచ్ లైట్‌కి టీవీ అవుట్‌పుటే లేదు. ఏ కన్వర్టరూ దాన్ని మార్చలేదు.

ఇన్ని తంటాలు పడే బదులు కొత్త టీవీ కొనుక్కోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. స్విచ్ విషయంలో ఆ మాటకు బలం ఉంది. దాని తెర 1280, 720 చుక్కలది, దానిలో చదివేందుకు వీలుగా వేసిన చిన్న అక్షరాలు డబ్బా టీవీలో అలికినట్టు అయిపోతాయి. వెడల్పాటి బొమ్మను చదరానికి దగ్గరగా ఉన్న తెరలోకి కుదించడంతో మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. కన్వర్టర్ సిగ్నల్‌ను మార్చడానికి తీసుకునే సమయం వల్ల బటన్ నొక్కడానికీ తెర మీద కదలికకూ మధ్య ఎడం కొంత పెరుగుతుంది. తాళానికి తగ్గట్టు నొక్కాల్సిన ఆటల్లో అది ఇబ్బందే. సెట్టింగుల్లో టీవీ రిజల్యూషన్‌ను 480పీకి తగ్గిస్తే బొమ్మను చిన్నది చేసే పని చవక కన్వర్టర్ మీద పడకుండా స్విచ్చే చేస్తుంది. అయినా పేజీలకు పేజీలు సంభాషణలు చదవాల్సిన గేమ్‌ను డబ్బా టీవీలో ఆడమని ఎవరికీ సలహా ఇవ్వలేం. పెద్ద బొమ్మలు, తక్కువ మాటలు ఉన్న ఆటలు చక్కగా సాగుతాయి.

పీఎస్‌పీ దగ్గర మాత్రం కొత్త టీవీ కొనమనే సలహా తలకిందులవుతుంది. కొత్త ఎల్‌ఈడీ టీవీల్లో కాంపోనెంట్, ఎస్-వీడియో సాకెట్లు కనుమరుగవుతున్నాయి. ఏవీ సాకెట్ ఉన్నా, కొత్త టీవీ బేసి సరి గీతలను కలిపి, పెంచి, తన లక్షల చుక్కల మీద సర్దుకోవాలి. ఆ క్రమంలో బొమ్మ మసకబారుతుంది, ఆలస్యమూ చేరుతుంది. మామూలు డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీసేస్తుంది. తక్కువ చుక్కల బొమ్మకు సరైన తెర అదే. పైగా పిక్చర్ ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది. దాన్ని చెత్తలో పడేయకూడదు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్ దగ్గరికి చేర్చాలి. పనిచేస్తున్న సెట్‌ను ఉత్త అపనమ్మకంతో ఆ దారి పట్టించడం అన్యాయం. పనిచేయని సెట్ అయితే వెనక మూత ఇంట్లో విప్పకూడదు, ప్లగ్ తీసేసినా ట్యూబులో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు.

ఏవీ సాకెట్లు కూడా లేని సెట్ల సంగతి మిగిలింది. హైదరాబాద్ ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీల కాలం నాటి సెట్లు చాలావాటికి వెనక యాంటెన్నా సాకెట్ ఒక్కటే ఉండేది. వాటికీ దారి ఉంది. ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే పెట్టె ఏవీ సిగ్నల్‌ను ఒక ఛానెల్‌గా మారుస్తుంది. ఇంట్లో పాత వీసీఆర్ మిగిలి ఉంటే అదే ఆ పని చేస్తుంది. పరికరాన్ని వీసీఆర్ ఏవీ ఇన్‌కి కలిపి, దాని ఆర్‌ఎఫ్ అవుట్ నుంచి టీవీ యాంటెన్నా సాకెట్‌కి వైరు వేసి, ఛానెల్ ట్యూన్ చేసుకోవాలి. బ్లాక్ అండ్ వైట్ సెట్ అయినా ఫరవాలేదు, రంగుల సిగ్నల్‌ను అది బూడిద ఛాయల్లో చూపిస్తుంది. బొమ్మ స్పష్టంగా వచ్చి శబ్దం రాకపోతే మాడ్యులేటర్ వేరే దేశపు పద్ధతిలో ఉందేమో చూడాలి: మన పాల్-బి ప్రసారాల్లో శబ్దం బొమ్మకు 5.5 మెగాహెర్ట్జ్ ఎడంలో ఉంటుంది, బ్రిటన్ పద్ధతిలో అది 6. మీట మార్చుకునే వీలున్న మాడ్యులేటర్ అయితే 5.5 దగ్గర పెట్టాలి.