పాత కొయ్య కెమెరాకు తగిన లెన్సు

మా ఉన్నతపాఠశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలయందు బీరువాపై నల్లగుడ్డ కప్పిన యొక కొయ్య కెమెరా యున్నది. మూడు సంవత్సరముల క్రిందట నొక పూర్వవిద్యార్థి తన తాతగారి జ్ఞాపకార్థము దానిని పాఠశాల కిచ్చెను. టేకుచట్రమును, ఇత్తడి మరలును, తోలుతిత్తియు చక్కగా నున్నవి. కాని ముందుపలక నడుమ గుండ్రని రంధ్రము మాత్రమే యుండెను, లెన్సు లేదు. “దీనికి ఏ లెన్సు పెట్టవలెను?” అని విద్యార్థులు మమ్ము నడిగిరి. ఇది సులభమైన ప్రశ్న యని తలంచి మేము పొరపడితిమి. ఆ పొరపాటువలన నేర్చుకొన్న సంగతులను ఈ వ్యాసమున వ్రాయుచున్నాము. తాతలనాటి కెమెరా నింట దాచుకొన్న తలిదండ్రులకు గూడ నివి యుపయోగపడునని మా యాశ.

ఇట్టి కెమెరా పనిచేయు విధమును మొదట చెప్పెదము. ముందుపలకకు లెన్సును, వెనుకచట్రమునకు గరుకుటద్దమును ఉండును. రెంటినడుమ వెలుతురు చొరనీయని తిత్తి మడతలు మడతలుగా సాగును, ముడుచుకొనును. నల్లగుడ్డలో తల దూర్చి చూచినచో ఎదుటి దృశ్యము గరుకుటద్దముపై తలక్రిందులుగా గానవచ్చును. తిత్తిని సాగించియు ముడిచియు బొమ్మను స్పష్టపఱచిన పిమ్మట, గరుకుటద్దమున్న చోట ప్లేటుపెట్టెను దూర్చి, దాని మూతను లాగి, వెలుతురును లోనికి విడువవలెను. మా కెమెరా హాఫ్‌ప్లేటు కొలతది. అనగా 4¾ అంగుళముల యెత్తును 6½ అంగుళముల వెడల్పును గల పలకకు చేయబడినది. నేడు గాజుపలకకు మాఱుగా ఫిల్మును గాని ఫోటోకాగితమును గాని ఆ కొలతకు కత్తిరించి వాడవచ్చును. మేము కాగితమునే వాడుదుము. దానిని ఎఱ్ఱదీపపు వెలుతురున కత్తిరింపవచ్చును, కడుగవచ్చును గనుక పిల్లలు కన్నులార చూచి నేర్చుకొందురు, ఖర్చును తక్కువ.

ఇక మా పొరపాటు. ఒక నగరమందలి పాతవస్తువుల వర్తకునియొద్ద మెఱయుచున్న యిత్తడి లెన్సు నొకదానిని కొంటిమి. అది మిక్కిలి వెలుతురు నిచ్చునదియు ముఖచిత్రములకు పేరుపొందినదియు నని యతడు చెప్పెను. ఆ మాట నిజమే. అది యే కొలత పలకకు చేయబడినదో మేమడుగలేదు, అతడును చెప్పలేదు. ఆ సంవత్సరాంతమున ఉపాధ్యాయులు, పై రెండు తరగతుల పిల్లలు, వసతిగృహపు పనివారు కలిసిన చిత్రమును దానితో తీసితిమి. కడిగి చూడగా నడుమ కూర్చుండిన పెద్దలందఱు స్పష్టముగా నుండిరి. ప్రక్కలకు పోవుకొలది ముఖములు చెదరెను. మూలలు చీకటిలో మునిగెను. ఒక మూల వంటమనిషియు కావలివాడును, మఱియొక మూల నేలపై కూర్చుండిన తొమ్మిదవ తరగతి బాలిక లిద్దఱును ఉండిరి. చిత్రమును గోడకు తగిలించిననాడు ఆ బాలికలలో నొకతె చాలసేపు వెదకి, “నేనెక్కడ, మాస్టారూ?” అని యడిగెను. చీకటివైపు వ్రేలు చూపుట తప్ప మాకు వేఱు జవాబు లేకపోయెను.

దోషము లెన్సుది కాదు. అది పెట్జ్‌వాల్ జాతి లెన్సు. 1840లో వియన్నా నగరమందు ఆచార్యుడుగా నుండిన జోసెఫ్ పెట్జ్‌వాల్ అను గణితశాస్త్రజ్ఞుడు దాని మాదిరిని లెక్కకట్టెను. అంతకుముందు ముఖచిత్రమునకు కూర్చుండువారు నిమిషములకొలది కదలక యుండవలసి వచ్చెడిది; అతని లెన్సు ఎఫ్ 3.6 వఱకు వెలుతురు నిచ్చుటచే ఆ కష్టము చాలవఱకు తీఱెను. కాని దాని బొమ్మ సమతలముపై గాక గిన్నెవలె వంగిన తలముపై స్పష్టపడును. అందుచే నడుమ తేటగాను అంచులు మసకగాను ఉండును. ఒక్క ముఖమును తీయుట కది గుణమే. నలువదిమందిని తీయుటకు దోషము. పైగా మేము కొన్నది 6 అంగుళముల నాభ్యంతరము గలది. 3¼, 4¼ అంగుళముల క్వార్టరుప్లేటుకు చేసినది. చిన్న దుప్పటిని పెద్ద మంచముపై పఱచితిమి.

కావున మొదటి నియమ మిది: లెన్సు వేయు బొమ్మ గుండ్రనిది, పలక దీర్ఘచతురస్రము, ఆ వలయములో పలక నాలుగు మూలలు ఇమడవలెను. దీనికి పైథాగరసు సిద్ధాంతము చాలును. హాఫ్‌ప్లేటున 4.75 వర్గము 22.56, 6.5 వర్గము 42.25, మొత్తము 64.81. దాని వర్గమూలము, అనగా పలక కర్ణము, రమారమి 8.05 అంగుళములు. లెన్సు వేయు వలయపు వ్యాస మింతకు తక్కువ కాకూడదు, కొంచెము ఎక్కువగా నుండుట మేలు. ఏలయన, ఎత్తైన చర్చిగోపురమును తీయునపుడు కెమెరాను పైకి వంచినచో గోడలు వెనుకకు ఒఱగినట్లగును. కెమెరాను సమముగా నుంచి ముందుపలకను మాత్రమే పైకి జరిపిన గోడలు నిటారుగా నిలుచును. కాని వలయము గూడ పైకి జరుగును గనుక చిన్న వలయమైనచో మూలలు నల్లబడును. హైదరాబాదున నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా నుండిన రాజా దీన్‌దయాళు (1844–1905) తీసిన సౌధముల చిత్రములను చూచినవారికి, నిటారుగా నిలిచిన స్తంభములు చిత్రమున కెంత గాంభీర్యము నిచ్చునో తెలియును.

మూలలకు వెలుతురు చేరుచున్నదో లేదో చూచుట కొక సులభమార్గము గలదు. పాత కెమెరాల గరుకుటద్దముల మూలలు తఱచుగా కోసివేయబడి యుండును. అవి విఱిగినవని మేము మొదట ననుకొంటిమి. ఆ ఖాళీమూలనుండి కన్నుపెట్టి లెన్సు రంధ్రమును చూడవలెను. రంధ్రము పూర్తిగా కనబడినచో ఆ మూలకు వెలుతురు చేరుచున్నది. పిల్లి కన్నువలె సన్నబడి కనబడినచో చీకటి పడనున్నదని యర్థము. రంధ్రమును చిన్నది చేసి మఱల చూడవలెను. ఈ పరీక్షకు అరనిమిషము చాలును. దానిని మేము చేసియుండినచో ఆ బాలిక యట్లు అడుగవలసివచ్చెడిది కాదు. అయితే వెలుతురు చేరినంతమాత్రమున బొమ్మ తేట యని తలంపరాదు. అంచుల స్పష్టతను గరుకుటద్దముపై భూతద్దముతో వేఱుగా చూడవలెను.

రెండవది నాభ్యంతరము. దూరపు చెట్టు బొమ్మను గోడపై పడునట్లు లెన్సును పట్టుకొని, లెన్సునుండి గోడకు గల దూరమును కొలిచిన నాభ్యంతరము రమారమి తెలియును. పలక కర్ణమునకు సమానమైన నాభ్యంతరము సామాన్యపు పనులకు తగినది. హాఫ్‌ప్లేటునకు 8 అంగుళములు, నేటి లెక్కలో 210 మిల్లీమీటర్ల లెన్సు దానికి చేరువ. 5 అంగుళములదైనచో ఇఱుకు గది యంతయు పట్టును. 12 అంగుళములదైనచో దూరపుకొండ పెద్దదిగా కనబడును. మన ముంగిలి కొలతను గూడ చూచుకొనవలెను. 20 అడుగుల పొడవున నిలిచిన వరుసను 6½ అంగుళముల పలకపై పట్టించుటకు, 8 అంగుళముల లెన్సుతో 25 అడుగులును, 12 అంగుళముల లెన్సుతో 37 అడుగులును వెనుకకు పోవలెను. మా వేపచెట్టునుండి ప్రహరీగోడకు 30 అడుగులే గనుక రెండవది మాకు పనికిరాదు.

మూడవది తిత్తి పొడవు. దూరపు వస్తువు స్పష్టపడుటకు తిత్తి నాభ్యంతరమంత సాగవలెను. ఒక పువ్వును దాని నిజపరిమాణమున తీయుటకు అంతకు రెట్టింపు సాగవలెను. అపుడు వెలుతురును నాలుగురెట్ల కాలము విడువవలెను. మా తిత్తి 13 అంగుళములే సాగును. 12 అంగుళముల లెన్సుతో 13 అడుగులకంటె చేరువనున్న దేదియు దానిలో స్పష్టపడదు. 8 అంగుళముల లెన్సుతోనైతే 21 అంగుళముల దూరమువఱకు పోవచ్చును. తరగతిలో నేర్చిన కటకసూత్రముతో విద్యార్థులు ఈ లెక్కలను సరిచూచుకొనవచ్చును.

నాలుగవది వెలుతురు. పాత లెన్సులలో ననేకములకు షట్టరు లేదు. మేము వాడు కాగితము మందకొడి గనుక, చెట్టునీడన ఎఫ్ 22 వద్ద రెండు మూడు సెకండ్లు పట్టును. లెన్సు మూతను తీసి మఱల పెట్టుటయే మా షట్టరు. వేగముగల ఫిల్మును వాడువారికి షట్టరుగల లెన్సు తప్పదు. కొన్ని పాత లెన్సులపై యు.ఎస్. అను వేఱు అంకెల వరుస చెక్కబడి యుండును. అందు 4 అనగా ఎఫ్ 8, 16 అనగా ఎఫ్ 16, 64 అనగా ఎఫ్ 32. దీని నెఱుగనివారు కాలము నిర్ణయించుటలో మోసపోదురు.

ఇక జాతులు. 1866లో లండనున డాల్‌మేయరును, మ్యూనిక్కున స్టైన్‌హైలును వేఱువేఱుగా నొకే మాదిరి లెన్సును వెలువరించిరి. నడుమ రంధ్రమును, దాని కిరుప్రక్కల అతికిన జంటకటకములును దాని నిర్మాణము. సరళరేఖలను వంపక చూపును గనుక ఇంగ్లీషువారు దానిని రాపిడ్ రెక్టిలీనియర్ అనిరి. వెలుతురు ఎఫ్ 8 మాత్రమే. రంధ్రమును చిన్నది చేసినచో అంచులు బాగుపడును. పిమ్మట జెనా నగరమున తయారైన క్రొత్తజాతి గాజుతో పాల్ రుడాల్ఫ్ 1890లో ప్రోటారును, 1902లో టెస్సారును నిర్మించెను. ఎమిల్ ఫాన్ హోయెగ్ 1892లో డాగోరును కనుగొనెను. టెస్సారు మిక్కిలి తేట, కాని దాని వలయము మితమైనది. డాగోరు రంధ్రము చిన్నదైనకొలది విశాలమైన వలయము నిచ్చును. గాలికి తగులు ప్రతి గాజుతలమువద్దను నూటికి నాలుగైదు పాళ్ల వెలుతురు వెనుకకు మరలును. జైస్ సంస్థయందు స్మకులా 1935లో కనిపెట్టిన పూత దీనిని చాల తగ్గించెను. పూతలేని పాత లెన్సులలో రెక్టిలీనియరునకును డాగోరునకును అట్టి తలములు నాలుగే గనుక, అవి యెదురెండ లేనిచోట నేటికిని చక్కగా పనిచేయును.

కొనుటకు ముందు లెన్సును దీపమున కెదురుగా పట్టి చూడవలెను. సాలెగూటివంటి బూజు మన తేమదేశమున సామాన్యము. ముదిరినచో గాజును తినివేయును. అంచున ఇంద్రధనుస్సు రంగులు కనబడిన అతుకు విడిపోవుచున్నదని యెఱుగవలెను. పాత గాజులోని చిన్న బుడగలవలన హాని లేదు. మర బిగించు ఇత్తడి కంకణమును గూడ అడిగి తెచ్చుకొన్నచో క్రొత్త ముందుపలకను ఊరి వడ్రంగియే చేసియిచ్చును.

ఈ నియమములను చేతబట్టుకొని మేము 8 అంగుళముల రెక్టిలీనియరు నొకదానిని తెచ్చితిమి. దాని ఇత్తడి మాసియున్నది; పేరు సగము అరిగినది. వెల మొదటిదానిలో సగము. మఱుసటి సంవత్సరాంతమున అందఱిని మఱల వేపచెట్టు క్రింద నిలిపి, గరుకుటద్దపు నాలుగు మూలలనుండి రంధ్రమును చూచి, ఎఫ్ 22కు తగ్గించి, మూత తీసితిమి. ఇప్పుడు పదవ తరగతికి వచ్చిన ఆ బాలిక కడిగిన చిత్రమున తన్ను తానే మొదట కనుగొని స్నేహితురాలికి చూపెను. ఈసారియు చివరనే కూర్చుండెను. మొదటి లెన్సును మేము పాఱవేయలేదు. దానితో వంటమనిషి ముఖచిత్రమును తీసితిమి. అది యిప్పుడు భోజనశాల గోడమీద నున్నది.

విద్యార్థులారా, లెన్సు పేరును, మెఱుగును, వెలను చూడకముందు మీరు తీయదలచిన దేమియో, అది పలక మూలలవఱకు వచ్చునో లేదో చూడుడు. తొంబదితొమ్మిది గొఱ్ఱెలున్నను తప్పిన యొక్కదానికై వెదకిన కాపరి కథను మీరు ఆదివారపుబడిలో వినియున్నారు. నడుమనున్నవారిని ఏ లెన్సైనను చూపును; చివరనున్నవారిని చూపుటకు ముందుగా లెక్క కట్టుకొనవలెను.