మట్టం ఒక్కటే చాలదు... గంట కూడా కుదరాలి!

భద్రాచలం: వర్షాకాలం వచ్చిందంటే గోదావరి తీర గ్రామాల్లో తెల్లవారగానే వినిపించే మాట ఒక్కటే: "భద్రాచలం దగ్గర ఎంత ఉంది?" 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. చర్ల నుంచి కూనవరం దాకా ఈ అంకెలు తెలియనివారు అరుదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన సంగతిని ముంపు గ్రామాలు ఇప్పటికీ మరచిపోలేదు.

అయితే అంకెతో పాటు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. "అది ఎన్ని గంటల లెక్క?"

ఎగువ గంట, దిగువ గంట

భద్రాచలానికి వచ్చే వరద ముందుగా ఏటూరునాగారం, పేరూరు దాటాలి. ఎగువన ఏ గంటకు ఎంత మట్టం ఉందో చూసి, ఆ నీరు దిగువకు చేరడానికి పట్టే సమయం కలిపి, ఇక్కడ ఎప్పుడు ఎంత పెరుగుతుందో కేంద్ర జలసంఘం అంచనా కడుతుంది. ఈ లెక్కకు రెండు కాళ్ళు. ఒకటి మట్టం, రెండోది వేళ. ఒక కాలు కుంటిదైతే లెక్క నడవదు.

ఎగువ కేంద్రంలో గడియారం అరగంట ముందుకు నడుస్తోందనుకుందాం. వరద అసలు 6 గంటలకే దాటిపోతే పుస్తకంలో ఆరున్నర అని పడుతుంది. దాన్ని నమ్మి కట్టిన అంచనా కూడా అరగంట వెనక్కి పోతుంది. అంటే చెప్పిన వేళ కన్నా అరగంట ముందే నీరు గుమ్మంలోకి వస్తుంది. పశువులను విప్పి తోలడానికీ, ముసలివారిని మెరక మీదికి చేర్చడానికీ ఆ అరగంటే ప్రాణం.

గడియారం ఎందుకు తప్పుతుంది?

గోడ గడియారంలో ఉండే చిన్న క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఎండకూ చలికీ ఆ కంపనం కొద్దిగా మారుతుంది. రోజుకు ఒక సెకను తేడా వచ్చినా నెలకు అర నిమిషం. సరిచేసే నాథుడు లేకపోతే ఏడాదికి ఆరు నిమిషాలు!

మట్టం కబురును ఉపగ్రహం ద్వారా పంపే యంత్రాలకు ఈ తేడా మరీ చేటు. ఒక పద్ధతిలో ఒక్కో యంత్రానికి కొన్ని క్షణాల వంతు కేటాయిస్తారు. ఒకదాని గడియారం తప్పితే పక్కదాని వంతులో మాట్లాడుతుంది. ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినబడదు. అందుకే ఇలాంటి యంత్రాలు ఉపగ్రహాల నుంచి సరైన వేళను తీసుకుని తమను తాము దిద్దుకుంటాయి.

కంప్యూటర్ లోపలా అదే తంటా

వచ్చిన అంకెలను కూడబెట్టే కంప్యూటర్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఒక్క పెట్టెలోనే లెక్కలు చేసే ప్రాసెసర్లు రెండు, నాలుగు, అంతకన్నా ఎక్కువ ఉంటాయి. ప్రతిదానికీ కాలాన్ని లెక్కించే మీటరు ఒకటి ఉంటుంది. అన్నీ ఒకే క్షణాన మొదలుకాకపోయినా, పాత రకం వాటిలో కరెంటు ఆదా కోసం ఒకటి నెమ్మదించినా మీటర్లు విడిపోతాయి. అప్పుడు ఒక ప్రాసెసర్ మొదలుపెట్టిన పనిని మరొకటి ముగిస్తే, మొదలు కన్నా ముగింపే ముందు జరిగినట్లు నమోదు కావచ్చు. విత్తకముందే కోత కోసినట్లు!

ఈ తేడా సెకనులో లక్షో వంతు కావచ్చు. గంటకోసారి చూసే నీటిమట్టానికి అది లెక్కలోకి రాదు. కానీ పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ కేంద్రం వంటి చోట సంగతి వేరు. కరెంటు లైను దెబ్బతింటే రెప్పపాటులో స్విచ్‌లు వరుసగా పడిపోతాయి. ఏది ముందు పడిందో తేలకపోతే లోపం దొరకదు.

దీనికి మందు ఉంది. ప్రాసెసర్లన్నీ చూసుకునేలా ఉమ్మడి గడియారం ఒకటి పెడతారు. లేదా మీటర్లను ఒకదానితో ఒకటి పోల్చి తేడా తీసేస్తారు. కాస్త ముందుకు పోయిన గడియారాన్ని చటుక్కున వెనక్కి తిప్పకుండా, కొద్దిగా నెమ్మదిగా నడిపి కలుపుతారు. వెనక్కి తిప్పితే ఒకే నిమిషం రెండుసార్లు వచ్చి లెక్క తారుమారవుతుంది.

దేశమంతటికీ ఒకే వేళ 1906లో వచ్చింది. ఇప్పుడు ఆ వేళను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణు గడియారాలతో కాపాడుతోంది. సెల్‌ఫోన్ కూడా నెట్‌వర్క్ నుంచి వేళ అందుకుంటుంది. కాబట్టి తొలకరికి ముందే పంచాయతీ, బడి, రేవు గడియారాలను దానితో సరిచూసుకోవడం పెద్ద పనేమీ కాదు.

ఇక చాటింపు వేసేవారు మట్టంతో పాటు గంట కూడా చెప్పాలి. "50 అడుగులు" అంటే సగం కబురే. "ఉదయం 6 గంటలకు 50 అడుగులు, పెరుగుతోంది" అంటేనే పూర్తి కబురు. గోదావరి మన గడియారం చూసి ఆగదు. మన గడియారాలే గోదావరి కన్నా ముందు మేలుకోవాలి.